శరీరశాస్త్ర పితామహుడు వెసాలియస్

పారిస్ నగరమున పూర్వము ఒక పెద్ద శ్మశానవాటిక యుండెను. దానికి నిర్దోష శిశువుల శ్మశానమని పేరు. కొన్ని వందల యేండ్లుగా నగరములోని మృతులను అచ్చటనే పాతిపెట్టుచుండుటచే క్రొత్తవారికి చోటు చాలకపోయెను. అందుచే పాత గోతులను త్రవ్వి, ఎముకలను వెలికితీసి, ఒకవైపున కుప్పలుగా పోసెడివారు. 1535వ సంవత్సర ప్రాంతమున కొందరు వైద్యవిద్యార్థులు ఆ కుప్పల నడుమ గంటల తరబడి కూర్చుండెడివారు. వారు అచ్చట ఒక వింతయాట ఆడెడివారు. ఒకని కన్నులకు గంతలు కట్టి, తక్కినవారు కుప్పలోనుండి తమకు తోచిన ఎముక నొకదానిని తీసి అతని చేతిలో ఉంచెడివారు. అతడు దానిని వ్రేళ్లతో తడిమి, అది శరీరములో ఏ తావుననుండెడి ఎముకయో చెప్పవలెను. చెప్పలేకపోయినచో పందెము ఓడినట్లే. అర్ధగంట సేపు వరుసగా ఎముకలు అందించినను, ఒక్కదానియందైనను తప్పుపోనివాడు ఆ బృందములో ఒకడుండెను. అతని వయస్సు అప్పటికి ఇరువది, ఇరువదియొక్క యేండ్లు. పేరు ఆండ్రియాస్ వెసాలియస్.

చదువుకొనవలసిన బాలుడు శ్మశానమున ఎముకలతో ఆడుకొనుట ఏమని తోచవచ్చును. కాని ఆ కాలమున శరీరమును గూర్చి తెలిసికొనగోరువానికి అంతకంటె మంచి పాఠశాల వేరొకటి లేకుండెను.

యూరపు ఖండమందలి వైద్యవిద్యాలయములలో అప్పుడు గేలెన్ అను గ్రీకు వైద్యుని గ్రంథములే ప్రమాణములు. గేలెన్ క్రీ.శ. 129వ సంవత్సర ప్రాంతమున పెర్గమమ్ పట్టణమున జన్మించి, రోమునగరమున చక్రవర్తులకు వైద్యము చేసినవాడు. మహాపండితుడు. కాని అతని కాలమున మనుష్యుల శవములను కోసి చూచుటకు ఆచారము అంగీకరింపదు. కావున అతడు కోతులను, పందులను, మేకలను, ఎద్దులను కోసి పరిశీలించి, మనుష్యుని యందును అట్లే యుండునని యెంచి వ్రాసెను. ఆ వ్రాతకు పదమూడువందల యేండ్లు నిండినను దానిని సరిచూచుటకు యత్నించినవారు అరుదు. విద్యాలయములలో ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు శవచ్ఛేదము జరుగుచుండెడిది గాని, అది జరుగు తీరు విచిత్రముగా నుండెడిది. ఆచార్యుడు ఎత్తైన పీఠముపై కూర్చుండి గేలెన్ గ్రంథమును లాటిను భాషలో చదివెడివాడు. చేతులకు నెత్తురు అంటుట తన గౌరవమునకు భంగమని యతని నమ్మకము. క్రింద బల్లయొద్ద ఒక క్షురకుడు కత్తితో శవమును కోసెడివాడు. అతనికి లాటిను తెలియదు. మూడవవాడొకడు బెత్తము పట్టుకొని, ఆచార్యుడు చదివినదానిని చూపెడివాడు. చదువువాడు చూడడు, కోయువానికి చదువు తెలియదు. గ్రంథములో నున్నది ఎదుట కన్పింపకపోయినచో, తప్పు గ్రంథముది కాదు, శవముదే యని తలచెడివారు!

వెసాలియస్ 1514వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన బ్రస్సెల్స్ నగరమున జన్మించెను. వారిది తరతరముల వైద్యవంశము. ముత్తాత లూవేన్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము బోధించినవాడు. తాత మాక్సిమిలియన్ చక్రవర్తికి వైద్యుడు. తండ్రి ఐదవ చార్లెసు చక్రవర్తి ఆస్థానమున ఔషధములు సిద్ధపరచు ఉద్యోగి. ఇంటినిండ వైద్యగ్రంథము లుండెడివి. ఆ యింటికి చేరువనే నేరస్థులను ఉరితీయు తిప్ప యొకటి కలదు. ఉరితీయబడినవారి దేహములను దింపక, చూచువారికి భయము కలుగుటకై అట్లే వదలివేయుట ఆనాటి ఆచారము. బాల్యమునందే అతడు ఎలుకలను, పిల్లులను, కుక్కలను కోసి లోపలి భాగములను పరీక్షించెడివాడని చెప్పుదురు.

లూవేనులో లాటిను, గ్రీకు భాషలు నేర్చి, 1533లో వెసాలియస్ వైద్యవిద్యకై పారిస్ చేరెను. అచ్చట అతని గురువులలో ముఖ్యుడు సిల్వియస్ అను పండితుడు. గేలెన్ వ్రాసినదానిలో తప్పు ఉండనేరదని అతని దృఢవిశ్వాసము. రెండవ గురువు గ్యుంటర్ గేలెన్ గ్రంథములను గ్రీకునుండి లాటినులోనికి పరివర్తించినవాడు. ఇద్దరును విద్వాంసులే. కాని శిష్యుడు కోరినది వారియొద్ద దొరకలేదు. కండరములను విడదీసి చూపువారు లేరు. ఎముకలను వరుసగా చూపువారు లేరు. వెసాలియస్ చూచిన మూడవ శవచ్ఛేదమున తోడి విద్యార్థులును, గురువులును ప్రోత్సహింపగా అతడే క్షురకుని తొలగించి కత్తి చేతబట్టెను. తక్కిన విద్యకై అతడు శ్మశానములకు పోవలసివచ్చెను. పారిస్ వెలుపల మోన్‌ఫోకోన్ అనుచోట ఉరికొయ్య లుండెడివి. అచ్చటికి ఎముకలకై పోయినప్పుడు అతనికిని, అతని తోడివానికిని అడవికుక్కల వలన ప్రాణాపాయము తప్పినది.

1536లో ఫ్రాన్సు రాజునకును చార్లెసు చక్రవర్తికిని యుద్ధము పొసగుటచే వెసాలియస్ చదువు ముగియకయే లూవేనునకు మరలిరావలసి వచ్చెను. అచ్చట అతనికి ఒక సాహసకార్యము తటస్థించెను. ఒకనాడు అతడు తన మిత్రుడగు గెమ్మా ఫ్రీసియస్ అను గణితశాస్త్రజ్ఞునితో గూడి, ఎముకలు దొరకునేమో యని నగరము వెలుపలి వధ్యస్థానమునకు పోయెను. అచ్చట ఒక దొంగ కళేబరము కొయ్యకు కట్టబడి యుండెను. పక్షులు మాంసమునంతయు తినివేయగా ఎముకలు మాత్రము స్నాయువులతో అంటుకొని, తెల్లగా పొడిగా నిలిచియుండెను. అట్టి సంపూర్ణమైన అస్థిపంజరము దొరకుట ఆ కాలమున నిధి దొరకుటయే. వెసాలియస్ మిత్రుని సాయమున కొయ్య నెగబ్రాకి, కాళ్లను చేతులను ఊడదీసి రహస్యముగా ఇంటికి చేర్చెను. మొండెము గొలుసుతో బిగింపబడి యుండుటచే అప్పటికి సాధ్యము కాలేదు. మరల సాయంకాలమున పోయి, కోటతలుపులు మూయువరకు వెలుపలనే దాగియుండి, చీకటిలో ఒంటరిగా కొయ్య నెక్కి, గొలుసును వదలించి మొండెమును దింపెను. దానిని కొంతదూరము మోసికొనిపోయి దాచి, మరునాడు కొంచెము కొంచెముగా వేరొక ద్వారమున నగరములోనికి తెచ్చెను. ఆ పని దొంగతనమే; నేటి న్యాయదృష్టికి మాత్రమే కాదు, ఆనాటి చట్టమునకును విరుద్ధమే. అది బయటపడినచో ఏమగునో అతడెరుగును. అందుచే ఆ ఎముకలను ఉడికించి, శుభ్రపరచి, తీగలతో కూర్చి నిలువబెట్టిన పిమ్మట, దానిని పారిస్ నుండి తెచ్చితినని అందరితో చెప్పెను.

తరువాత వెసాలియస్ ఇటలీదేశమునకు పోయెను. అచ్చటి పాడువా విశ్వవిద్యాలయము వెనిస్ గణరాజ్యము పోషణలో నుండెను. 1537 డిసెంబరు 5వ తేదీన అతనికి వైద్యపట్టము లభించెను. మరునాడే శస్త్రవైద్యమును, శరీరనిర్మాణమును బోధించు ఉద్యోగమును అతనికే యొసగిరి. ఇరువదిమూడేండ్లు నిండని ఆ యువకుడు మొదటి దినముననే పాతపద్ధతికి స్వస్తిచెప్పెను. పీఠమునుండి దిగివచ్చి బల్లయొద్ద నిలిచెను. కత్తి తానే పట్టెను, తానే చూపెను, తానే వివరించెను. శవము చెడిపోవుటకు ముందే పని ముగింపవలసియుండుటచే శవచ్ఛేదము రాత్రింబవళ్లు జరిగెడిది. అతని చుట్టును విద్యార్థులేకాక వృద్ధాచార్యులును గుమిగూడిరి.

పెద్దగుంపులో వెనుక నిలిచినవారికి బల్లమీది సన్నని రక్తనాళములు కన్పింపవు. ఆ కష్టమును తీర్చుటకై వెసాలియస్ సిరల క్రమమును ఒక పెద్దకాగితముపై గీసి చూపెను. ఇతర భాగములను గూడ అట్లే గీయుమని అందరును కోరిరి. అతడు గీసిన మూడు పటములకు వాన్ కాల్కార్ అను చిత్రకారుడు గీసిన మూడు అస్థిపంజర చిత్రములను చేర్చి, 1538లో వెనిస్ నగరమున అచ్చువేయించెను. ఆ ఆరు పటములు ఎంతగా చేతులు మారెనో, ఇతరులు వానిని ఎంత త్వరగా దొంగిలించి అచ్చువేసికొనిరో చూచినచో, బొమ్మకొరకు విద్యార్థిలోకము ఎంత ఆకలితో నుండెనో తెలియును. కాని ఆ పటములలో వెసాలియస్ ఇంకను గేలెనునకు దాసుడే. కాలేయమునకు ఐదు తమ్మెలు గీసెను. మెదడు అడుగున రక్తనాళముల వల యొకటి గీసెను. ఐదు తమ్మెల కాలేయము కొన్ని జంతువులకు కలదు. ఆ వల గొఱ్ఱెకును ఎద్దునకును కలదు. మనుష్యునకు ఈ రెండును లేవు. తన చేతులతో శవమును కోసినవాడే లేనిదానిని ఉన్నట్లు గీసెను! చదివినది కన్నులను ఎంతగా కప్పివేయగలదో దీనివలన తెలియుచున్నది.

కనువిప్పు కొంచెము కొంచెముగా కలిగెను. 1539లో పాడువా న్యాయాధిపతి యగు కొంటరీని వధ్యుల శవములను అతనికి ఇప్పింపసాగెను. చూచినకొలది సందేహములు పెరిగెను. 1540 జనవరిలో బొలోన్యా నగరమువారి ఆహ్వానముపై అతడు అచ్చటికి పోయి శవచ్ఛేదము చేసెను. వృద్ధపండితుడగు కోర్తి గేలెన్ మతమును ఉపన్యసించుటయు, వెసాలియస్ దానిని శవముపై చూపుటయు ఏర్పాటు. చూపినప్పుడు ఉన్నది ఒకటి, ఉపన్యసించినది వేరొకటి కాగా ఇరువురకును అందరియెదుట వాదము జరిగెను. హెసెలర్ అను విద్యార్థి ఆ దినములలో వ్రాసికొన్న టిప్పణి నేటికిని నిలిచియున్నది. విద్యార్థులు గుండెను గూర్చి, ధమనులను గూర్చి అడిగినప్పుడు వెసాలియస్ తన మాటను నమ్ముమనలేదు. స్వయముగా చేతితో తాకి తెలిసికొనుమని ప్రోత్సహించెనని దానివలన తెలియుచున్నది. పారిస్ శ్మశానమున తాను నేర్చిన విద్యనే అతడు శిష్యులకు నేర్పుచుండెను.

బొలోన్యాలోనే ఒక మనుష్యుని అస్థిపంజరమును, ఒక కోతి అస్థిపంజరమును అతడు కూర్చి ప్రక్క ప్రక్కన నిలిపెను. గేలెన్ నడుమునందలి వెన్నుపూసలకు ఒక చిన్న కొన కలదని వ్రాసియుండెను. ఆ కొన కోతియందు స్పష్టముగా కన్పించెను. మనుష్యునియందు లేదు. అంతటితో రహస్యము బయటపడెను. గేలెన్ అబద్ధము వ్రాయలేదు. అతడు చూచినది కోతిని. పదమూడు శతాబ్దములుగా వైద్యలోకము కోతిశరీరమును మనుష్యశరీరమని వల్లించుచుండెను.

ఇక వెసాలియస్ సమస్తమును మొదటినుండి సరిచూచెను. క్రింది దవడ రెండెముకలు అతుకుకొన్నదని గేలెన్ చెప్పెను; ఎన్నో కపాలములను చూచి అది ఒకే ఎముకయని ఇతడు తేల్చెను. రొమ్ముటెముకకు ఏడు భాగములని అతడు చెప్పగా, మూడే యని ఇతడు చూపెను. పురుషునకు స్త్రీకంటె ఒక ప్రక్కటెముక తక్కువయని లోకమున నాటుకొన్న నమ్మకమును, ఇరువురకును సమానముగానే యుండునని లెక్కించి త్రోసివేసెను. ఇట్టి సవరణలు ఇన్నూటికి మించియున్నవని చెప్పుదురు. వీనినన్నింటిని ఏడుభాగముల మహాగ్రంథముగా వ్రాసెను. మనుష్యశరీర నిర్మాణమును గూర్చియని దాని పేరు. అందలి చిత్రములను వెనిస్ నగరమున నేర్పరులైన శిల్పులు కొయ్యదిమ్మెలపై చెక్కిరి. 1542లో ఆ దిమ్మెలను జాగ్రత్తగా కట్టలుకట్టి, వర్తకులచేత ఆల్ప్సు పర్వతములను దాటించి, స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమునకు చేర్చిరి. అచ్చట ఓపొరీనస్ అను ముద్రాపకుడు 1543లో ఆ గ్రంథమును వెలువరించెను. ఆరువందలకు పైగా పెద్దపుటలుగల ఆ గ్రంథమున అస్థిపంజరములు పారపై వాలి నిలిచినట్లును, కండరములు తెరచిన దేహములు పాడువా పరిసరముల కొండల ముందు నడచుచున్నట్లును చిత్రింపబడినవి. గ్రంథకర్త వయస్సు అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని ప్రతిపాదించిన కోపర్నికస్ గ్రంథమును ఆ యేడే వెలువడెను.

మహాగ్రంథము కీర్తి తెచ్చెను గాని, దాని వెల ఎక్కువ. బీదవిద్యార్థి కొనజాలడు. కొన్నను అన్ని పుటలలో త్రోవ తెలియక తికమకపడును. పైగా పాడువావంటి నగరములు ఎన్ని? శవమును ఎన్నడును చూడకయే వైద్యులగువారు వేలకొలది యుండిరి. వారినిగూర్చి ఆలోచించియే కాబోలు, వెసాలియస్ పెద్ద గ్రంథముతోపాటు అదే యేట ఒక చిన్న గ్రంథమును గూడ వెలువరించెను. దానికి సంగ్రహమని పేరు. పుటలు కొద్దివే, కాని కాగితము పెద్దగ్రంథముకంటెను వెడల్పు. కొన్ని వారములలోనే దానికి జర్మను భాషానువాదమును వెలువడెను. చక్రవర్తికి మహాగ్రంథమును అంకితమొసగిన వెసాలియస్, ఈ సంగ్రహమును యువరాజగు ఫిలిప్పునకు అంకితమొసగెను.

ఈ చిన్న పుస్తకములో మొదట ఎముకలు, కండరములు మొదలగు వాని సంగ్రహవర్ణన కలదు. పిదప పటములు. ఒక పురుషుని బొమ్మ, ఒక స్త్రీ బొమ్మ, వానిపై వెలుపలి అవయవముల పేర్లు. ఇంకొక బొమ్మలో పైకండరములు, మరియొకదానిలో లోపలి కండరములు, మరియొకదానిలో నరములు. ఇంతవరకు వింతలేదు. వింత యంతయు కడపటి కాగితములలో కలదు. వానిపై గుండె, ఊపిరితిత్తులు, కాలేయము, జీర్ణాశయము, ప్రేగులు, మూత్రపిండములు, రక్తనాళముల గుబురులు చెల్లాచెదరుగా, ఒకదానికొకటి సంబంధము లేనట్లుగా అచ్చువేయబడి యున్నవి. అవి చదువుటకు కాదు, కత్తిరించుటకు. విద్యార్థి ఆ కాగితమును దళసరి కాగితమునకో తోలుపత్రమునకో అంటించి గట్టిచేసి, ఒక్కొక్క భాగమును అంచువెంబడి కత్తిరించి, వేరుగా నీయబడిన దేహపు బొమ్మపై దాని దాని స్థానమున అంటింపవలెను. అంటించుటయు పూర్తిగా కాదు. ఒక కొనను మాత్రమే. అప్పుడు ఆ భాగములు తలుపురెక్కలవలె తెరచుకొనును. ఒకదానిని ఎత్తిన దాని వెనుకనున్నది కన్పించును. దానిని ఎత్తిన ఇంకను లోపలిది. కత్తిలేక, శవములేక, కంపులేక విద్యార్థి తన గదిలో దీపమువద్ద కూర్చుండి శరీరమును పొరలుపొరలుగా విప్పి చూడవచ్చును. ఆ పని యెట్లు చేయవలెనో వెసాలియస్ తానే విపులముగా వ్రాసి పెట్టెను.

ఇట్టి రెక్కల పటములు అతని కల్పన మాత్రము కావు. 1538లోనే స్ట్రాస్‌బర్గు నగరమున ఫోగ్ట్‌హెర్ అనునతడు పైరెక్క యెత్తిన లోపలి అవయవములు కన్పించు పటములను అచ్చువేసి అమ్మెను. అవి జనులకు వినోదము గొలిపెను. కాని వానిలో అవయవముల రూపము సరిగా లేదు. వాని తయారీయు ముందే ముగిసియుండెను. కొన్నవానికి రెక్క యెత్తుటయే పని. వెసాలియస్ చేసినది వేరు. బొమ్మను తయారు చేయు పనిని అతడు విద్యార్థికే వదలిపెట్టెను. మూత్రపిండమును ప్రేగులకు ముందు అంటించినవానికి తన తప్పు తరువాతి భాగమును అంటింపబోవు నప్పుడే తెలిసిపోవును. రక్తనాళము చేరవలసిన చోటికి చేరదు, రెక్క మూసికొనదు. గురువు గద్దింప నక్కరలేదు. నేడు అవయవముల బొమ్మలు అచ్చువేసిన కార్డులను పంచుకొని, జతలు కూర్చుచు పిల్లలు శరీరభాగముల పేర్లు నేర్చు ఆటలు కలవు. వానికి ఈ కాగితపు బొమ్మ దూరపు బంధువని చెప్పవచ్చును. ఒక్క భేదము కలదు. కార్డులో ఏ అవయవమునకు ఆ అవయవము వేరు. పేరును రూపమును మాత్రమే అది నేర్పును. వెసాలియస్ బొమ్మ దేని వెనుక ఏది యున్నదో, ఏది దేనితో కలియుచున్నదో చేతికి నేర్పెను.

ఇంత చేసినవానిని గురువు మెచ్చుకొనవలెను గదా! సిల్వియస్ మండిపడెను. గేలెన్ తప్పుపడుట అసంభవము. శవములో వేరుగా కన్పించినచో, గేలెన్ కాలమునుండి నేటికి మనుష్యుల శరీరములే క్షీణించి మారిపోయినవని అతడు వాదించెను. 1551లో శిష్యుని ఖండించుచు ఒక గ్రంథమే ప్రకటించి, వెసాలియస్ అను పేరును కొంచెము మార్చి, ఉన్మత్తుడను అర్థము వచ్చునట్లు లాటినులో వ్రాసెను. మాట తూలుట వృద్ధపండితునకు తగదు. కాని ఒక్క జీవితమంతయు ఒక గ్రంథమును నమ్మి బోధించినవానికి, అది పునాదిలేనిదని శిష్యుడు చూపినప్పుడు కలిగెడి దుఃఖము సామాన్యము కాదు.

వెసాలియస్ మనస్సును ఈ విమర్శలు మొదటినుండియు గాయపరచినవి. గ్రంథము వెలువడిన కొలదికాలమునకే అతడు ఇటలీ విడిచిపోవుచు, తాను వ్రాసికొన్న టిప్పణులను, వ్యాఖ్యలను అగ్నికి ఆహుతి చేసెను. దానికై పిదప అతడే విచారించెను. ఐదవ చార్లెసు చక్రవర్తి ఆస్థానవైద్యుడై, సేనల వెంట యుద్ధభూములు తిరిగెను. 1544లో వివాహమాడెను, ఒక కుమార్తె కలిగెను. ధనము వచ్చెను, బిరుదములు వచ్చెను. బోధన మాత్రము పోయెను. ముప్పదియేండ్లు నిండకయే, లోకమునందలి ఉత్తమ శరీరశాస్త్రాచార్యుడు ఒక రాజుగారి వాతనొప్పికి మందులిచ్చు ఉద్యోగియయ్యెను. ఆ నిర్ణయము వలన శాస్త్రమునకు జరిగిన నష్టము లెక్కింపరానిది.

అయినను అతడు పూర్తిగా ఊరకుండలేదు. 1555లో మహాగ్రంథమును సవరించి మరల అచ్చువేయించెను. అందు గుండెను గూర్చిన ఒక సవరణ ముఖ్యమైనది. గుండె కుడిగదినుండి ఎడమగదికి నడిమిగోడలోని కంటికి కన్పింపని రంధ్రముల గుండ రక్తము పోవునని గేలెన్ మతము. మొదటి ముద్రణమున వెసాలియస్ దానిని ఆశ్చర్యపడుచునే అంగీకరించెను. రెండవ ముద్రణమున, అట్టి గోడగుండ రక్తము ఎంత స్వల్పముగనైనను ఎట్లు పోగలదో తనకు తెలియుట లేదని స్పష్టముగా వ్రాసెను. సరియైన మార్గమును అతడు కనుగొనలేదు. అతడు బోధించిన పాడువాలోనే తరువాత చదివి, 1602లో పట్టము పొందిన విలియం హార్వే 1628లో రక్తప్రసరణమును నిరూపించెను. వెసాలియస్ వలనను తప్పులు జరుగకపోలేదు. మూత్రపిండమును చూపవలసినచోట అతడు కుక్క మూత్రపిండమును చిత్రింపజేసెను.

1559లో ఫ్రాన్సు రాజగు రెండవ హెన్రీ క్రీడాయుద్ధమున తలకు దెబ్బతగిలి పడియుండగా, ఫిలిప్పు రాజు వెసాలియసును పారిసునకు పంపెను. ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు ఆంబ్రోయిస్ పారే యును అచ్చట నుండెను. రాజు బ్రదుకలేదు. పిమ్మట వెసాలియస్ స్పెయిను దేశమున నివసించెను. 1564లో అతడు జెరూసలేము యాత్రకు బయలుదేరెను. ఏల పోయెనను దానిని గూర్చి ఎన్నో కథలు పుట్టినవి. బ్రదికియున్న ఒక ప్రభువును పొరపాటున కోసెననియు, ఆ పాపమునకు శిక్షగా యాత్ర విధింపబడెననియు ఒక కథ. దానికి ఆధారము లేదు. తిరుగుప్రయాణమున గ్రీసు సమీపమునందలి జాకింథోస్ ద్వీపమున ఆ యేడు అక్టోబరు నెలలో అతడు మరణించెను. వయస్సు నలువదితొమ్మిదేండ్లు. ఎందరి ఎముకలనో పేరుపేరున గుర్తించిన ఆ మహనీయుని ఎముకలు ఎచ్చట నున్నవో నేడెవరికిని తెలియదు.

1543లో గ్రంథముద్రణకై బాసెల్ నగరమున నుండగా, అతడు వధింపబడిన ఒక నేరస్థుని శవమును కోసి, అస్థిపంజరమును కూర్చి అచ్చటి విశ్వవిద్యాలయమునకు కానుక యిచ్చెను. అది నేటికిని బాసెల్ నగరమున భద్రముగా నున్నది. మహాగ్రంథపు కొయ్యదిమ్మెలలో చాల భాగము మ్యూనిక్ నగరమున దొరకగా, 1934లో వానితో మరల చిత్రములను అచ్చువేసిరి. నాలుగువందల యేండ్ల నాటి ఆ చెక్కడపు పని అప్పటికిని అంత స్ఫుటముగా నుండెను. రెండవ ప్రపంచయుద్ధమున బాంబుల అగ్నిలో ఆ దిమ్మెలు కాలిపోయినవి. ఇక సంగ్రహము ప్రతులు గ్రంథాలయములలో అచ్చటచ్చట కలవు. కాని ఆ కడపటి కాగితములు చెక్కుచెదరక నిలిచిన ప్రతులు మిక్కిలి అరుదు. తక్కినవానిలో ఆ పుటలు లేవు. ఆనాటి విద్యార్థులు వానిని కత్తిరించి వాడుకొనిరి.